కాగితం మీద ఆరు కప్పలు

అర్నోబియో ఇనెస్త్రోసా ఇల్లెక్కడని అడిగితే మా వీధిలో సగం మంది తల అడ్డంగా ఊపుతారు. దోమ ఇల్లెక్కడంటే మాత్రం పసిపిల్లలు కూడా చూపిస్తారు. ఒక చోట వాలని మనిషి కనుక ఆ పేరు వచ్చింది. చేపల పులుసు ముందు కూర్చుంటే నాలుగు చెంచాలు తాగేలోగా రెండుసార్లు లేస్తాడు. చర్చిలో ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడతాడు. మా ఊరు బ్వెనవెంతూరా రేవులో ఫ్రిజ్‌లు బాగుచెయ్యడం ఆయన పని. చేపల కొట్ల ఫ్రీజర్లు, బేకరీల కూల్‌డ్రింక్ ఫ్రిజ్‌లు, నా ఐసు పెట్టె, అన్నీ ఆయన చేతి మీద నడిచేవే.

నా పేరు హెర్మీలా. పక్కిల్లు మాది. ఐసూ కొబ్బరి మిఠాయీ అమ్ముతాను. రెండిళ్ళూ సముద్రపు పోటు నీళ్ళ మీద గుంజలెత్తి కట్టినవి, మధ్యన ఉన్నది ఒక్క చెక్క గోడ. నా కూతురి జ్ఞానస్నానానికి ఆయనే జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. అప్పటినుంచి నేను ఆయనకు కొమాద్రెను, ఆయన నాకు కొంపాద్రె. ఆ ఇంట్లో మాట్లాడుకున్నది నాకు వినిపించకుండా ఉండదు కాబట్టి, ఇందులో నేను కల్పించి చెప్పేది ఏమీ లేదు.

అడవులూ నదులూ చూసుకునే ప్రభుత్వ ఆఫీసు ఒకటి ఊళ్ళో ఉంది. ఒక మార్చి నెలలో అక్కడి చల్లబరిచే యంత్రం చెడిపోతే ఆయన్ని పిలిచారు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి, తిన్నగా ఇంటికి కూడా వెళ్ళకుండా నా కొట్టు ముందు నిలబడ్డాడు.

"కొమాద్రె, మా అమ్మ వాళ్ళ ఊరి ఏటి కప్పల్ని పట్టుకొచ్చి డబ్బాల్లో పెట్టారు."

"ఎవరు?"

"ఎవడో దొంగ. మందుల డబ్బాల్లో పెట్టుకుని విమానం ఎక్కడానికి పోతుంటే బస్సు దగ్గర పట్టుకున్నారట. తొంభై ఉండేవట. ఇప్పుడు తొమ్మిది. ఆ గదిలో ముప్పై నాలుగు డిగ్రీలు! అవి కొండ మీద పొగమంచులో బతికేవి కొమాద్రె. నల్లటి ఒళ్ళు, ఎర్ర పట్టీలు. చిన్నప్పుడు వాటి మీద చెయ్యేస్తే మా అమ్మ వీపు చిట్లగొట్టేది."

"విషం కాబట్టి కొట్టింది."

"విషమని కాదు. అవి మనవి కావని కొట్టింది," అని మళ్ళీ వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఆ ఆఫీసులో అధికారిణి పేరు యొలీమా. పెద్ద చదువులు చదివిందని అందరూ డాక్టరమ్మా అంటారు. యంత్రానికి కావలసిన భాగం రాజధాని నుంచి రావాలి, పది రోజులు పడుతుంది. అప్పటికి ఒక్క కప్ప కూడా మిగలదని ఆమెకూ తెలుసు. అర్నోబియో దగ్గర మూతపడ్డ బేకరీలో కొన్న పాత కూల్‌డ్రింక్ ఫ్రిజ్ ఒకటి ఉంది, గాజు తలుపుది. దాన్ని ఇరవై ఒక్క డిగ్రీల దగ్గర నిలబెట్టగలనని అన్నాడు. ఆమె రెండు రోజులు ఆలోచించి, ఒక కాగితం రాసి సంతకం పెట్టించుకుంది. కప్పలు తొమ్మిది. అమ్మకూడదు, ఇవ్వకూడదు, ఎవరికీ చూపించకూడదు. ఏదైనా చస్తే ఆ కళేబరాన్ని స్పిరిటు సీసాలో వేసి తెచ్చి అప్పగించాలి. లెక్క మారితే వెంటనే చెప్పాలి.

ఆ భాగం రానేలేదు. పది రోజులన్నది మూడేళ్ళు నడిచింది.

ఆ ఫ్రిజ్‌లో ఆయన ఒక చిన్న కొండవాగు కట్టాడు. నాచు పరిచాడు, రాళ్ళు పేర్చాడు, అనాస మొక్కలాంటి వాటిని తెచ్చి గోడలకు అంటించాడు. వాటి ఆకుల మొదట్లో నీళ్ళు నిలుస్తాయి. పైన సన్నటి తుంపర పడేలా గొట్టం అమర్చాడు. కప్పల తిండికి ఈగలు కావాలి. నా దగ్గర మగ్గిపోయిన అరటిపళ్ళు పట్టుకెళ్ళి సీసాల్లో నలిపి ఈగల్ని పెంచేవాడు. అందులో సగం చెక్క సందుల్లోంచి నా మిఠాయిల మీదికి వచ్చేవి.

"కొంపాద్రె, మీ ఈగలకి మా కొట్లో పని లేదు. పిలిచేసుకోండి," అంటే, "అవి మీ అరటిపళ్ళు తిని పెరిగినవి, అమ్మమ్మ ఇంటికి వస్తున్నాయి," అనేవాడు.

కరెంటు పోయినప్పుడు మాత్రం ఆయన నవ్వడం నేను చూడలేదు. మధ్యాహ్నం పూట పోయిందా, గోడ మీద మూడు గుద్దులు వినపడేవి. నేను ఐసు దిమ్మ పగలగొట్టి ఇచ్చేదాన్ని. దాన్ని గుడ్డలో చుట్టి ఫ్రిజ్ పైన పెట్టి, థర్మామీటరు కేసి చూస్తూ కరెంటు వచ్చేదాకా ఆ నాలుగడుగుల గదిలోనే తిరుగుతుండేవాడు. అడుగుల చప్పుడుకి మా ఇంట్లో గిన్నెలు కదిలేవి.

ఆయన భార్య బెర్నార్దా అందుకు పూర్తిగా వేరు. మడచెట్ల బురదలో దొరికే నల్లగుల్లలు ఒలిచి అమ్ముతుంది. పొద్దున బకెట్టు ముందు కూర్చుంటే మధ్యాహ్నానికి బకెట్టు ఖాళీ అవుతుంది తప్ప ఆమె మోకాలు కదలదు. మొదట్లో ఆమెకు కప్పలంటే భయమే.

"ముట్టుకుంటే చస్తామట కదా?"

"ఆ విషం వాటిది కాదే. అడవిలో తినే చీమల్లోంచి వస్తుందట. మన ఈగలు తింటే పోతుందని డాక్టరమ్మ చెప్పింది."

"అయితే నీలాగే. ఏటి ఒడ్డు వదిలి వచ్చాక నీ పౌరుషం కూడా పోయింది," అని గుల్లల బకెట్టు ఫ్రిజ్ పక్కకి లాక్కుంది. ఇంట్లో చల్లగా ఉండే చోటు అదొక్కటే మరి.

మొదటి ఆరు నెలల్లో మూడు కప్పలు పోయాయి. ప్రతిసారీ సీసా పట్టుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఆఫీసుకు నడిచి వెళ్ళాడు. మూడోసారి వెళ్ళొచ్చాక రెండు రోజులు పనికి పోలేదు. కాగితం మీద తొమ్మిది కొట్టేసి ఆరు రాశారు.

ఆ తర్వాతి ఏడాది అవి అరవడం మొదలుపెట్టాయి. బాతుపిల్ల ముక్కుతో అరిచినట్టు పొట్టి పొట్టి అరుపులు, తెల్లారాక ఒక గంటసేపు. కొన్నాళ్ళకి ఆకు మీద నాలుగు గుడ్లు. మగది వాటి మీద కూర్చుని తడి ఆరకుండా చూసింది. పదిహేను రోజులకి తోకకప్పలు పుడితే ఆడది ఒక్కొక్కదాన్నీ వీపు మీద ఎక్కించుకుని తీసుకెళ్ళి, ఒక్కో మొక్కలో ఆకు మొదట నిలిచిన నీళ్ళలో వదిలింది. అర్నోబియో అది చూసి వీధిలోకి పరుగెత్తాడు. ఎవరికీ చెప్పకూడదని గుర్తొచ్చి మళ్ళీ లోపలికి పరుగెత్తాడు.

వారం తిరిగేసరికి నాలుగూ చచ్చాయి.

తర్వాతి ఈతలో నాలుగు, ఆ పైన మూడు, అవీ అంతే. కోడిగుడ్డు సొన వేశాడు, చేపల మేత వేశాడు, ఈగల్ని నూరి వేశాడు. నీళ్ళు చెడిపోయాయి కాని ఒక్క పిల్లా నోరు పెట్టలేదు. పావుగంటకోసారి తలుపు తీసి, లైటు వేసి, వంగి చూసేవాడు. సన్నబడిపోయాడు. పనిలో ఉన్నవాడల్లా మధ్యలో వదిలేసి ఇంటికొచ్చి చూసి వెళ్ళేవాడు. చేపల కొట్టు వాళ్ళు వేరే మెకానిక్‌ని పిలవడం మొదలుపెట్టారు.

ఒక రోజు బెర్నార్దా గొంతు గోడ ఇవతలికి గట్టిగానే వినిపించింది.

"నువ్వే చంపుతున్నావు వాటిని."

"నేనా? నేను తిండి మానేసి..."

"నువ్వు మానేస్తే మానేశావు, వాటి చేత ఎందుకు మాన్పిస్తావు? పొద్దుట్నుంచి నేనిక్కడ కూర్చునే ఉన్నాను. ఆ తల్లి మూడుసార్లు ఆకు దగ్గరికి వచ్చింది. వెనక్కి తిరిగి నీళ్ళలోకి దిగబోతుంది. అంతలో నువ్వొచ్చి తలుపు లాగుతావు. అది పారిపోతుంది. ఆ పిల్లకి ఏదో పెట్టడానికే వస్తోంది. పెట్టనీ!"

"ఏం పెడుతుంది?"

"నాకేం తెలుసు? నేను చూసేలోపే నువ్వు ఊడిపడతావుగా!"

ఆ సాయంత్రం ఆమె బజారుకి వెళ్ళి ఒక తాళం కొని తెచ్చి ఫ్రిజ్‌కి వేసింది. తాళంచెవి తాడుకి కట్టి రవిక లోపల వేసుకుంది. ఈగల్ని వెయ్యడానికి రోజుకి ఒక్కసారి తను తీస్తుంది, అంతే. ఆయన బతిమాలాడు, అలిగాడు, ఇంటి కప్పు ఎక్కి బాగానే ఉన్న రేకులు ఊడదీసి మళ్ళీ బిగించాడు. నా ఐసు పెట్టెని ఏ జబ్బూ లేకుండా ఆ నెలలో రెండుసార్లు విప్పాడు.

బెర్నార్దా మాత్రం గుల్లలు ఒలుస్తూ చూసింది. తల్లి వెనక్కి దిగి నీళ్ళలో ఒక గుడ్డు పెడుతుంది. పొదగడానికి కాదు, పిల్ల తినడానికి. ఆ గుడ్డు తప్ప ఆ పిల్లకి లోకంలో మరో తిండి లేదు. రెండు మూడు రోజులకోసారి వస్తుంది, ఏ పిల్లనీ మరిచిపోదు. ఆమె ఇది చెప్పినప్పుడు ఆయన మొట్టమొదటిసారి గట్టిగా కుర్చీలో కూలబడ్డాడని నాతో అంది.

మూడు నెలలకి మూడు కప్పపిల్లలు తోకలు రాల్చి ఆకుల మీదికి ఎక్కాయి. ఒక్కొక్కటీ గోరులో సగం. ఎర్ర పట్టీలు అప్పుడే తేలుతున్నాయి. ఆ రోజు ముగ్గురం తలుపు వేసుకుని చెరకు సారా తాగాం. రెండో గ్లాసు ఎత్తబోతూ అర్నోబియో దించేశాడు.

"కాగితం మీద ఆరే ఉన్నాయి," అన్నాడు.

లెక్క మారితే వెంటనే చెప్పాలన్న మాట ఆయన మరిచిపోలేదు. చెప్పడానికి రెండుసార్లు ఆఫీసు దాకా వెళ్ళాడు కూడా. ఆ గుమ్మం దగ్గర మరో ఊరివాడిని రెండు చిలకలతో పట్టుకుని కూర్చోబెట్టారు. వాడు "ఇంట్లో పుట్టినవి బాబూ" అని ఏడుస్తుంటే గుమాస్తాలు నవ్వుతున్నారు. అది చూసి వెనక్కి వచ్చేశాడు. అలా వారాలు గడిచాయి. తనిఖీకి వస్తున్నామని ఆఫీసు నుంచి కబురు వచ్చేదాకా గడిచాయి.

తనిఖీ రోజు పొద్దున్నే ఆయన మూడు పిల్లల్నీ నాచు వేసిన సీసాలో పెట్టుకుని నా ఇంటికి వచ్చాడు.

"ఒక్క గంట కొమాద్రె. ఆమె లెక్కపెట్టుకుని వెళ్ళిపోతుంది."

"తెండి, మంచం కింద పెడతాను."

ఇచ్చాడు. వెళ్ళాడు. రెండు నిమిషాల్లో వచ్చి సీసా తీసుకుని వెళ్ళాడు. మళ్ళీ తెచ్చాడు. "మీ ఇంట్లో ఎంత వేడి?" అన్నాడు. "రేవులో ఎంతో మా ఇంట్లో అంత," అన్నాను. జేబులోంచి థర్మామీటరు తీసి నా మంచం కింద పెట్టి, దాన్నే చూస్తూ నేల మీద గొంతుక్కూర్చున్నాడు. ముప్పై మూడు. సీసా గాజు మీద అప్పుడే ఆవిరి పడుతోంది. ఒక పిల్ల మూత దగ్గరికి పాకింది.

"గంట ఆగవు ఇవి," అన్నాడు. ఎవరితోనూ కాదు. "నన్ను తీసుకెళ్తే తీసుకెళ్ళనీ."

సీసా ఎత్తుకుని వెళ్ళిపోయాడు. నేను కొట్టు మూసి వెనకే వెళ్ళేసరికి పిల్లలు మళ్ళీ ఫ్రిజ్‌లో ఉన్నాయి.

డాక్టరమ్మ యొలీమా ఒంటరిగానే వచ్చింది. ఫ్రిజ్ ముందు వంగి, వేలితో గాలిలో చుక్కలు పెడుతూ లెక్కపెట్టింది. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మూడోసారి లెక్కపెట్టింది.

"అర్నోబియో గారూ, నేనిచ్చినవి తొమ్మిది. మీరు సీసాల్లో తెచ్చినవి మూడు. ఇక్కడ మళ్ళీ తొమ్మిది ఉన్నాయేంటి?"

ఆయన ఒక అడుగు ముందుకీ ఒక అడుగు వెనక్కీ వేశాడు.

"చచ్చినవి లేచొచ్చాయి డాక్టరమ్మా," అంది బెర్నార్దా గుల్లలు ఒలుస్తూనే. "శుక్రవారం పోయి ఆదివారం లేచాయి."

యొలీమా నవ్వలేదు. "ఇది పరాచికం కాదమ్మా. పెద్ద ఊళ్ళో చదువుకున్నవాళ్ళు గదులు కట్టుకుని కూర్చున్నారు. ఏళ్ళ తరబడి ఈ కప్ప ఒక్క పిల్లని పెంచలేదు వాళ్ళ దగ్గర. మీ కూల్‌డ్రింక్ ఫ్రిజ్‌లో పెంచిందంటే నన్ను నమ్మమంటారా? ఏటికి ఎప్పుడు వెళ్ళారు? ఎవరు పట్టి తెచ్చిచ్చారు? ఇప్పుడు చెప్తే కొంచెం తేలిగ్గా పోతుంది. తర్వాత నా చేతిలో ఉండదు."

"నేను ఏటికి వెళ్ళి పంతొమ్మిదేళ్ళయింది," అన్నాడు అర్నోబియో. "మా అమ్మని పాతిపెట్టాక వెళ్ళలేదు."

"రుజువు?"

బెర్నార్దా కత్తి పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుని లేచి, ఇంట్లో వీపు ఆనించుకోవడానికి ఉన్న ఒకే ఒక్క కుర్చీ తెచ్చి ఫ్రిజ్ ముందు వేసింది.

"కూర్చోండి. కుడివైపు పై మొక్కలో ఇంకో పిల్ల ఉంది. తోకతోనే ఉంది ఇంకా. తల్లి మొన్న పొద్దున వచ్చింది, నిన్న రాలేదు. ఇవాళ వస్తుంది. ఎప్పుడని అడక్కండి. మాట్లాడకండి, కదలకండి. ఏమయ్యా, నువ్వు కూడా ఇలా రా. ఈ బకెట్టు మీద కూర్చో."

అందరం కూర్చున్నాం. అప్పుడు పదింబావు.

అంత కష్టపడిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. పది నిమిషాలకి ఆయన మోకాలు ఆడటం మొదలైంది. బెర్నార్దా తన పాదం తెచ్చి ఆయన పాదం మీద మోపింది. మోకాలు ఆగింది, వేళ్ళు మొదలయ్యాయి. వేళ్ళని రెండో చేత్తో పట్టుకున్నాడు. చెమట చెవి వెనకనుంచి కారి కాలర్‌లోకి పోతున్నా తుడుచుకోలేదు. యొలీమా మొదట చేతి గడియారం చూసుకుంది, తర్వాత చూడటం మానేసింది. కింద పోటు నీళ్ళు పెరిగి గుంజల్ని కొడుతున్నాయి. కప్ప రెండుసార్లు బయటికి వచ్చి, నాచు మీద కాసేపు నిలబడి, వెనక్కి వెళ్ళిపోయింది.

ఒంటిగంట దాటాక అది గాజు వెంట పైకి ఎక్కింది. ఆకు అంచు మీద ఆగింది. తల తిప్పి మా నలుగురినీ చూసిందనే అనుకున్నాను. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి, నడుము దాకా నీళ్ళలోకి దిగింది. లోపల నల్లటి తోక ఒకటి తల్లి ఒంటికి ఆనుకుని వణికిపోయింది, ఆకలి తీరబోతున్న పసిపిల్ల కాళ్ళు కొట్టుకున్నట్టు. చాలాసేపు అలాగే ఉంది. అది లేచి వెళ్ళాక నీళ్ళ అడుగున చిన్న తెల్లటి ముత్యంలా ఒక గుడ్డు. పిల్ల దాన్ని చుట్టేసుకుంది.

యొలీమా సంచిలోంచి పుస్తకం తీసింది. కలం మూత తీసింది. రాయలేదు.

"మీకెవరు నేర్పారిది?" అంది చాలా నెమ్మదిగా.

"నా భార్య తాళం వేసింది డాక్టరమ్మా," అన్నాడు అర్నోబియో. అని, ఇక ఆగలేక లేచి వీధిలోకి వెళ్ళి, చివరిదాకా నడిచి మళ్ళీ వచ్చాడు.

ఆ రోజు కాగితం మీద తొమ్మిదిన్నర అని రాస్తే బాగుండునని బెర్నార్దా అంది. యొలీమా తొమ్మిది అనే రాసింది గాని, కింద ఒక పేజీ నిండా చూసిందంతా రాసి, సాక్షిగా నా చేత కూడా సంతకం పెట్టించుకుంది. పై ఆఫీసు నమ్మడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఎవరో ఇద్దరు వచ్చి ఫోటోలు తీసుకున్నారు. ఆ ఎనిమిది నెలలూ వీధిలో జీపు చప్పుడైతే చాలు, అర్నోబియో తింటున్న పళ్ళెం వదిలేసి గుమ్మంలోకి పరుగెత్తేవాడు. అప్పటికి లెక్క పద్నాలుగు అయింది. చివరికి వచ్చిన ఉత్తరంలో అభినందనలూ ఉన్నాయి, కప్పల్ని కొండ మీద కొత్తగా కట్టిన కేంద్రానికి తరలించాలన్న ఆజ్ఞా ఉంది.

తీసుకెళ్ళిన రోజున పెట్టెని ఒళ్ళో పెట్టుకుని ఆయనే జీపులో కూర్చున్నాడు. బెర్నార్దా బయటికి రాలేదు. ఆమె కత్తి చప్పుడు మాత్రం లోపలినుంచి వినబడుతూనే ఉంది. యంత్రాలు చూసుకోవడానికి ఆయనకి అక్కడే రోజుకూలీ మీద పని ఇచ్చారు. కొండ మీదికి వెళ్ళిన కప్పలు రెండు నెలలపాటు ఒక్క అరుపూ అరవలేదు. ఆయన గురువారం వెళ్ళడం, ఆదివారం రావడం. అక్కడ ఉంటే ఇల్లు గుర్తొస్తుందట, ఇక్కడ ఉంటే కప్పలు.

"వేడి సరిగ్గానే ఉంది, నీళ్ళు సరిగ్గానే ఉన్నాయి, తిండి మనం పెట్టినదాని కంటే మంచిది. ఏం పోయేకాలం వచ్చింది వాటికి?" అని భార్య మీద అరిచాడు.

"నన్ను తీసుకెళ్ళు," అంది ఆమె.

వెళ్ళి రెండు రోజులు ఆ గదిలో స్టూలు వేసుకుని కూర్చుంది. మూడో రోజు యొలీమాని పిలిచి, "ఈ ట్యూబులైట్లు ఎంతసేపు వేస్తారు?" అని అడిగింది. పద్నాలుగు గంటలు. "మా ఇంట్లో కిటికీ వెలుగే ఉండేది. పక్కింటి గోడ అడ్డం, అది కూడా కొంచెమే. వీటికి పగలు మరీ ఎక్కువైంది," అంది. లైట్లు సగం తీసేశారు. పదో రోజు పొద్దున ఒకటి అరిచింది.

నిరుడు వాటి సంఖ్య అరవై దాటింది. అందులోంచి ఇరవై పిల్లల్ని ఎంచి, జబ్బులేమీ లేవని పరీక్షలు చేసి, ఏటి పక్క లోయలో వదిలారు. ఎక్కడన్నది యొలీమాకి, ఇంకో ఇద్దరికి, అర్నోబియోకి తప్ప ఎవరికీ తెలియదు. నేనడిగితే, "మీకు చెప్పను కొమాద్రె. మీరు రోజుకి యాభై మందికి ఐసు అమ్ముతారు," అన్నాడు. కోపమొచ్చింది గాని, ఆ మాటలో అబద్ధం లేదు. వదిలిన చోటికి ఏడాది వరకూ ఎవరూ వెళ్ళకూడదని నియమం. మనిషి అడుగు పడితే దారి పడుతుంది, దారి పడితే దొంగ వస్తాడు.

ఇప్పుడు ఏడో నెల నడుస్తోంది. ఈ ఏడు నెలల్లో ఆయన నాలుగుసార్లు ఆ లోయ వైపు పోయే బస్సెక్కి, ఊరు దాటకముందే దిగిపోయాడని బెర్నార్దా చెప్పింది.

మొన్న నా ఫ్రీజర్ ఆగిపోతే వచ్చాడు. వెనక పలక విప్పి లోపల చెయ్యి పెట్టాడు. కొండల వైపు ఆకాశం నల్లబడి ఉంది.

"ఎలా ఉండి ఉంటాయంటారు?" అని అడిగాను.

"వాన ఎక్కువైతే ఆకుల్లో నీళ్ళు పొర్లి పిల్లలు కొట్టుకుపోతాయి. తక్కువైతే ఎండిపోతాయి. తోకపిల్లలు ఉన్నాయో లేవో కూడా తెలీదు. జతలు కట్టాయో లేదో తెలీదు."

"పాములు తినవు కదా? విషమున్నవేగా?"

"అక్కడే వచ్చింది చిక్కు. మన ఈగలు తిని పెరిగినవాటికి విషం ఉండదు. అడవి చీమలు తిని, అది ఒంట్లో చేరేదాకా వాటికి ఏ అడ్డూ లేదు. ఎన్నాళ్ళు పడుతుందో డాక్టరమ్మకీ తెలీదు." వైరు కలిపాడు. ఫ్రీజర్ గుర్రుమని లేచింది. ఆయన దాన్ని చూడలేదు. "అటు పడుతోందంటారా వాన?"

"పడుతున్నట్టే ఉంది కొంపాద్రె."

"ఎక్కువగానా?"

నేనూ అటే చూశాను. ఆయన పనిముట్ల సంచి భుజాన వేసుకుని, కొండలు బాగా కనబడే రేవు గట్టు వైపు గబగబా నడిచి వెళ్ళిపోయాడు. పలక బిగించడం మరిచిపోయాడు. నేనే బిగించుకున్నాను.